కుండ బోర్లించావా

హోంగ్‌సోంగ్ లోయ
1987 అక్టోబరు 9

బోయువాన్‌కి మేనత్త ఫెంగ్‌షియెన్ చెప్పి రాయిస్తున్నది.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. మా వీధి చివర చెప్పులు కుట్టే హౌ చదివి వినిపించాడు. ఇదీ వాడి చేతే రాయిస్తున్నాను. నాకు అక్షరం ముక్క రాదని తెలిసి కూడా అంత పొడుగు కథ పంపావు, దాంతోపాటు చదివే మనిషిని కూడా పంపాల్సింది. హౌ దుకాణంలో చదివించుకుంటే ఊరంతటికీ చదివించినట్టే. చెప్పు మడమ ఊడినవాళ్లూ ఊడనివాళ్లూ అందరూ వచ్చి కూర్చున్నారు. ఎలుగుబంటి మీదికొచ్చే చోట ఒకావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదేం పిన్నీ?" అంది. రాలేదు గనక చెప్పలేదన్నాను. ఆవిడకి నా మాట రుచించలేదు, నీ ఎలుగుబంటే నచ్చింది.

అడవుల్లో దారితప్పి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ల నిజం కథలు మీ ప్రచురణశాల వాళ్లు పుస్తకంగా వేస్తున్నారనీ, అందులో నాదొకటనీ అంటే సంతోషించాను. వేసవిలో వచ్చావు. నేను చెప్తుంటే ఒళ్లో కాగితం పెట్టుకుని తల ఊపావు. సగంలో బస్సుకి టైమైందని లేచావు. మిగతా సగం షెన్యాంగ్ పట్నంలో కూర్చుని నువ్వే అల్లేశావన్నమాట. కానీ నిజం కథలు అన్నావు చూడు, ఆ మాట పట్టుకుని అడుగుతున్నాను.

మొదటిది, ఎలుగుబంటి. తీసెయ్.

పద్దెనిమిది రోజులు అని రాశావు. ఆ లెక్క నీకెవరు చెప్పారు? దేవదారు గింజలకని నలుగురితో వెళ్లాను, పొగమంచు కమ్మింది, విడిపోయాను. పగలేదో సాయంత్రమేదో తెలియని మనిషి వేళ్లు మడుచుకుంటూ కూర్చుంటుందా?

గొంతు చించుకుని అరిచానన్నావు. కొండలో ఎవరూ అరవరు. జిన్సెంగ్ వేరు తవ్వేవాళ్ల మధ్య పెరిగిన ఏ పిల్లనైనా అడుగు, చెప్తుంది. ఎండు కర్ర తీసుకుని లావుపాటి మాను మీద ఒక దెబ్బ వెయ్యాలి. ఆగాలి. వినాలి. గొంతు రెండు పూటల్లో పోతుంది, కర్ర పోదు.

తర్వాతిది విని నాకు ఒళ్లు మండింది. కొండ మీద ఖాళీ గుడిసె దొరికిందనీ, అందులో ఉండి, దిగేముందు కట్టెలు కొట్టి పేర్చాననీ నీకు చెప్పాను. నువ్వేం రాశావు? "చలికి మతి చలించి, పిచ్చిదానిలా కట్టెలు కొడుతూనే ఉంది" అని. దుకాణంలో అందరూ నవ్వారు, నన్ను చూసి కాదు. వేరు తవ్వేవాళ్ల గుడిసెలో ఒక్క పూట తలదాచుకున్న మనిషైనా, పోయేటప్పుడు తర్వాత వచ్చేవాడి కోసం ఎండు కట్టెలు పేర్చి, కుండ కడిగి బోర్లించి, తలుపుకి కర్ర ఆనించి పోవాలి. మతి ఉన్నవాళ్లు చేసే పనే అది. చెయ్యనివాళ్లనే పిచ్చివాళ్లనేవాళ్లు.

ఇక చివరిది. గుడిసెలో దూలానికి వేలాడుతున్న కొర్రల సంచిని "ఎవడో దొంగ దాచిన గింజలు" అన్నావు. అవి దొంగ గింజలు కావు. దాచినవీ కావు. మిగతావి మార్చకపోతే తిడతాను. ఇది మార్చకపోతే మాత్రం ఊరుకోను.

మీ ఆవిడ దగ్గు తగ్గిందా? బేరిపండు ఆవిరి మీద ఉడికించి పెట్టు. హౌ ఇక్కడ "కన్నీటితో" అని రాయబోయాడు, కొట్టేయించాను. నేనేమీ ఏడవడం లేదు.

నీకు నడక నేర్పిన
మేనత్త

*

షెన్యాంగ్
1987 అక్టోబరు 26

అత్తకి బోయువాన్ నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివాను. మా సంపాదకుడు పడీ పడీ నవ్వాడు. "ఈవిడ చేతే పుస్తకమంతా చెప్పించాల్సింది" అన్నాడు. మా ఆవిడ దగ్గు తగ్గింది.

అత్తా, కాస్త శాంతంగా విను. ఈ పుస్తకం చదివేది కొండ ఎక్కినవాళ్లు కాదు. ఫ్యాక్టరీ నుంచి బస్సులో నిలబడి ఇంటికొచ్చే మనిషి చదువుతాడు. వాడి ఇంట్లో గొట్టం తిప్పితే నీళ్లు, వీధి చివర బొగ్గు. ఇవన్నీ లాగేస్తే నేనెన్ని రోజులుంటాను అని వాడికి లోపల ఒక అనుమానం. నీలాంటి మనిషి ఒంటరిగా నిలబడి గెలిచిందని చదివితే, ఆ పూట వాడు కొంచెం నిటారుగా నడుస్తాడు. నాకూ అంతే. చిన్నప్పుడు నీ కథ అరకొరగా విన్న రోజునల్లా నేనూ బతికి బయటపడ్డట్టే ఉండేది. అందుకే ఈ పుస్తకం నెత్తిన వేసుకున్నాను. ఎలుగుబంటి మాత్రం తీయలేను, చిత్రకారుడు బొమ్మ వేసేశాడు. కట్టెల సంగతి మార్చాను. అరుపులు తీసేశాను.

గింజల విషయంలో నీ బాధ నాకర్థమైంది. దొంగ సొత్తు తిని బతికానని పదిమందీ అనుకుంటారని కదా? అవి అరవై ప్రాంతాల ఆకలి రోజులు, నిన్నెవరూ తప్పుపట్టరు. మీ ఊరి ఉమ్మడి వ్యవసాయ పనిబృందం పాత నివేదిక కూడా తెప్పించి చూశాను. కువాంగ్ దేశుయ్ అనే వేరు తవ్వేవాడు ఉమ్మడి గింజలు కొండ మీద దాచాడని, సభలో నేరం ఒప్పుకున్నాడని అందులో ఉంది. "ఎవడో దొంగ" అంటే కల్పించినట్టుంటుంది గనక అతని పేరే వేశాను. నీ తరఫున ఒక వాక్యం కూడా చేర్చాను: "అది దొంగ సొత్తని తెలిసినా ప్రాణం కోసం చేయి చాచింది, ఆ మెతుకులు జీవితాంతం ఆమె గొంతులో అడ్డుపడుతూనే ఉన్నాయి."

ఇక ఎవరూ నిన్ను ఒక మాట అనలేరు. ఒక ఫోటో పంపు, కొంచెం నవ్వుతూ ఉన్నది.

నీ
బోయువాన్

*

హోంగ్‌సోంగ్ లోయ
1987 నవంబరు 14

బోయువాన్,

హౌ చలికాలమని కూతురింటికి వెళ్లాడు. నీ ఉత్తరం వచ్చినప్పుడు చదివిపెట్టేవాళ్లు లేక మా ఎదురింటి సూమెయ్‌ని పిలిచాను. టోఫు చేసి అమ్ముతుంది. ఐదో తరగతి దాకా చదివింది. చేతులు తుడుచుకుని వచ్చి మంచం అంచున కూర్చుని చదివింది.

సూమెయ్ ఇంటిపేరు కువాంగ్. వాళ్ల నాన్నే కువాంగ్ దేశుయ్.

నువ్వు రాసిన చోటికి వచ్చినప్పుడు ఆపమన్నాను. ఆపలేదు. పేరు చదివింది, దొంగ సొత్తు చదివింది, నా గొంతులో నువ్వు అడ్డం పెట్టిన మెతుకులూ చదివింది. ఫోటోలో నవ్వమన్నావు చూడు, అదీ చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "జవాబు రాయాలా అత్తా?" అంది. "రాస్తావా?" అన్నాను. "నేను కాకపోతే హౌ వచ్చేదాకా ఆగాలి కదా" అంది.

అంచేత ఈ ఉత్తరం రాస్తున్న చెయ్యి ఎవరిదో గుర్తుపెట్టుకుని చదువు.

నువ్వు బస్సుకి లేచి వెళ్లిపోయిన సగం ఇప్పుడు చెప్తున్నాను. ఆ గుడిసె కువాంగ్ పెద్దాయన ముఠాది. జిన్సెంగ్ కోసం ఏటా అక్కడ దిగేవాళ్లు. దిగి వచ్చేటప్పుడు కొర్రలు, ఉప్పు, భూర్జబెరడులో చుట్టిన అగ్గిపెట్టె ఎలకలకి అందకుండా దూలానికి కట్టి వచ్చేవాళ్లు. దారితప్పినవాడెవడైనా వస్తే బతకాలని. ఆ సంచికి తాళం ఉండదు, తలుపుకి గడియ ఉండదు. అలా వదలడం ఈ కొండల్లో మా తాతల కాలం నుంచీ ఉంది. దాచడం అంటే కనపడకుండా పెట్టడం కదరా. ఇది తలుపు తియ్యగానే ఎదురుగా కనపడేట్టు పెడతారు.

నేను ఆ గుడిసె దొరికేదాకా పుట్టగొడుగులకి భయపడి దేవదారు గింజలే నములుతూ తిరిగాను. లోపలికి పోయి గంజి కాచుకున్నాను. ఉప్పు నాలిక మీద పడ్డాక గానీ నేను మనిషినని గుర్తురాలేదు. కాళ్లు నిలిచాక కట్టెలు పేర్చి, కుండ బోర్లించి, కిందికి దిగుతూ మానుల మీద కొట్టుకుంటూ వచ్చాను. ఒక చోట అవతలి నుంచి దెబ్బ వినపడింది. నేను ఇంకొకటి కొట్టాను. అటునుంచి ఇంకొకటి. అలా దెబ్బకి దెబ్బ జవాబిచ్చుకుంటూ దగ్గరకొచ్చాం. కువాంగ్ పెద్దాయన. నన్ను వెతకడానికే వచ్చాడు.

నన్ను చూసి ఆయన అయ్యో అనలేదు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావనలేదు. నా పెదాలకంటిన గంజి చూసి, "కుండ బోర్లించావా?" అన్నాడు. బోర్లించానన్నాను. "అయితే పద" అన్నాడు.

ఊళ్లో దిగగానే ఏం తిని బతికావని అందరూ అడిగారు. చెప్పాను. అడిగినదానికి నిజం చెప్పాను, అందులో నా తప్పేం లేదు. కానీ ఆ నిజంలో సగమే వాళ్లకి కావాల్సొచ్చింది. ఊళ్లో గంజి పల్చనవుతున్న ఏడాది కొండ మీద కొర్రలా అన్నారు. పైకి పోయి సంచి దింపుకొచ్చారు. సభ పెట్టారు.

ఆయన ఒప్పుకున్నాడని ఆ నివేదికలో ఉందన్నావు. ఆయన నోరు విప్పనే లేదు. లేచింది నేను. "ఆ గింజలు నా కడుపులో ఉన్నాయి, కావాలంటే కోసి చూసుకోండి" అన్నాను. ఎందుకు వదుల్తారో చెప్పాను, ఎవరు వదిలారో చెప్పాను. రాసుకునేవాడు కలం కింద పెట్టి చేతులు పొయ్యి దగ్గర కాచుకున్నాడు. నేను కూర్చున్నాక మళ్లీ కలం తీశాడు. అందుకే నీకు దొరికిన కాగితంలో నేను లేను.

ఆయన్ని శిక్షగా ఆనకట్ట పనికి పంపారు. అక్కడే జ్వరం వచ్చి పోయాడు. సూమెయ్‌ని బళ్లో గింజల దొంగ కూతురన్నారు. ఇప్పటికీ టోఫు తూకం దగ్గర గొడవొస్తే ఆ మాటే తీస్తారు.

నా కథ వల్ల ఆయన పేరు పోయింది. కనక నా కథలోనే అది తిరిగి రావాలి. నాకున్న పని ఇదొక్కటే. నా గొంతులో ఏ మెతుకూ అడ్డం లేదు, చక్కగా అరిగిపోయాయి.

ఫోటో లేదు.

మేనత్త

*

షెన్యాంగ్
1987 డిసెంబరు 2

అత్తకీ, చదువుతున్న సూమెయ్ అక్కకీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి నాకు చాలా కాగితాలు పట్టాయి. అక్కా, నువ్వు నా ముందటి ఉత్తరం చదివి ఉంటావని నేను కలలో కూడా అనుకోలేదు. నన్ను క్షమించు.

పుస్తకం అచ్చుకి వెళ్లే వేళయింది. అందుకని ఎవరికీ నొప్పి కలగని దారి ఒకటి ఆలోచించాను. గుడిసెనే తీసేశాను. గుడిసె లేకపోతే గింజలు లేవు, గింజలు లేకపోతే దొంగా లేడు, కువాంగ్ గారి పేరు ఎక్కడా రాదు. అత్త దేవదారు గింజలు తిని, చెట్టు తొర్రలో తలదాచుకుని, తన కాళ్ల మీద తానే దిగి వచ్చింది. మా సంపాదకుడికి ఇది ఇంకా నచ్చింది. "కొండకీ ఆడమనిషికీ మధ్య మూడోవాడు లేడు, ఇప్పుడు కథ బిగిసింది" అన్నాడు.

దీంతో మీ ఇద్దరి మనసూ కుదుటపడుతుందని అనుకుంటున్నాను. అత్తా, చలికి మోకాళ్లు జాగ్రత్త. ఉన్ని పట్టీలు పంపుతున్నాను.

బోయువాన్

*

హోంగ్‌సోంగ్ లోయ
1987 డిసెంబరు 20

బోయువాన్,

పట్టీలు బాగున్నాయి. నీ ఆలోచన బాగాలేదు.

ముందు ఆయన్ని దొంగని చేశావు. ఒద్దంటే ఇప్పుడు అసలు లేకుండా చేశావు. దొంగ అన్నప్పుడు కనీసం ఒక మనిషి ఉండేవాడు కదరా, ఆయన తరఫున పోట్లాడ్డానికి. లేని మనిషి గురించి నేనెవరితో పోట్లాడాలి?

మూడోవాడు లేడన్నాడా మీ సంపాదకుడు? ఆయన్ని ఒక చలికాలం ఇక్కడికి పంపు. ప్రతి ఏడూ మంచు పడ్డాక ఆడవాళ్లంతా మా ఇంట్లో కూర్చుని పండక్కి పిండి వంటలు చుడతారు. ప్రతి ఏడూ నా కథే అడుగుతారు. విని విని వాళ్లకి నోటికొచ్చేసింది, ఒక మాట తప్పితే అందుకుంటారు. ఎందుకు అడుగుతారనుకున్నావు? నేను చావలేదని వాళ్లకి తెలుసు, ఎదురుగానే కూర్చున్నానుగా. వాళ్లు ఎదురుచూసేది తలుపు తీసే చోటు కోసం. లోపల సంచి వేలాడుతూ ఉంటుంది చూడు, అక్కడికి రాగానే అందరి చేతులూ ఆగిపోతాయి. ఒకత్తి అయితే ఏటా అక్కడే ఊపిరి వదుల్తుంది. ముక్కూమొహం తెలియనివాడి కోసం ఎవడో గుర్తుపెట్టుకుని ఉప్పు కట్టి పోయాడని వినడానికే వాళ్లు వస్తారు.

నీ బస్సులో నిలబడ్డ మనిషి సంగతి ఆలోచించాను. ఒంటరిగా బతికిందని చదివితే వాడు రేపు ఉత్త చేతులతో కొండెక్కుతాడు, గింజుకుని చస్తాడు. గుడిసెలో ఎవరో ఉప్పు వదిలారని చదివితే, దిగేటప్పుడు వాడూ ఏదో ఒకటి వదిలి దిగుతాడు. నువ్వు ఎవరిని తయారుచేద్దామనుకుంటున్నావు?

ఒక్క మాట. ఆయన పేరు లేని పుస్తకంలో నా పేరూ ఉండకూడదు. నీ చెట్టు తొర్రలో ఇంకెవరినైనా పెట్టుకో. నాకు చదువు రాకపోవచ్చు, నా ప్రాణం ఎలా నిలిచిందో నాకు తెలుసు.

కింద సూమెయ్ తన మాటగా ఏదో రాస్తానంటోంది. ఏం రాస్తుందో నాకు చదివి వినిపించదట.

మేనత్త

తమ్ముడూ, అత్త చెప్పింది చెప్పినట్టే రాశాను. ఇది నా మాట. మా నాన్న మహానుభావుడని రాయనక్కర్లేదు. ఆ ఏడు ఇంట్లో మాకే చాలలేదు. కొర్రలు మూట కడుతుంటే మా అమ్మ చేతులడ్డం పెట్టింది. "పిల్ల మొహం చూడు" అంది. ఆయన అన్నాడు, "మనకి లేకపోతే పక్కింటి తలుపు కొడతాం. కొండ మీద కొట్టడానికి ఇంకో తలుపు లేదు." నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. చాలా ఏళ్లు ఆయన మీద కోపం ఉండేది. అత్త మీద కూడా. ఆ కొర్రలు నావే కదా అని. నువ్వు రాసేట్టయితే ఇది కూడా రాయి. వదిలింది ఉన్నవాడు కాదని తెలియాలి. — సూమెయ్

*

షెన్యాంగ్
1988 ఫిబ్రవరి 3

అత్తకీ అక్కకీ,

మీ ఉత్తరం మా సంపాదకుడి బల్ల మీద పెట్టి నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి రెండోసారి చదువుతున్నాడు. "అచ్చువాళ్లకి కబురు పంపు, ఈ అధ్యాయం ఆపమను" అన్నాడు.

మొత్తం తిరగరాశాను. అత్త చెప్పినట్టు మానుల మీద దెబ్బలు, గుడిసె, సంచి, ఉప్పు, సభ, అక్క గిన్నె. ఎన్ని రోజులో రాయలేదు. నివేదికలో ఏముందో అదీ వేశాను. దాని పక్కనే, రాసుకునేవాడు కలం కింద పెట్టిన సంగతీ వేశాను. నా మాటలు చేర్చలేదు. చేర్చబోయిన చోటల్లా అత్త హౌ చేత కొట్టేయించడం గుర్తొచ్చింది. పేరు కూడా మార్చాను. మొదట "ఒంటరి స్త్రీ, ఘోరారణ్యం" అని ఉండేది. ఇప్పుడేముందో పుస్తకం వచ్చాక చూడండి.

ఎలుగుబంటి బొమ్మ తీయడం కుదరలేదు. బొమ్మల పేజీలు ముందే అచ్చయిపోయాయి. తిట్టు అత్తా, పడతాను.

బోయువాన్

*

హోంగ్‌సోంగ్ లోయ
1988 ఏప్రిల్ 17

బోయువాన్,

పుస్తకం వచ్చింది. సూమెయ్ చదివింది. కథ పేరు "కుండ బోర్లించావా" అని చదివి ఆగింది. కానివ్వమన్నాను. మొదలుపెట్టి చివరిదాకా చదివింది. వాళ్ల నాన్న పేరు వచ్చిన ప్రతిచోటా గొంతు కొంచెం పెంచి చదివింది, నాకు చెవుడు లేదని తెలిసి కూడా.

హౌ తిరిగొచ్చాడు. దుకాణంలో మళ్లీ చదివాడు. సభలో ఆ రోజు ఉన్న ముసలివాళ్లు ఇద్దరు మిగిలారు. వాళ్లలో ఒకాయన, "అవును, ఈవిడ లేచింది, కోసి చూడమంది" అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మాట ఎక్కడ పెట్టుకున్నాడో నాకు తెలియదు. మర్నాడు సూమెయ్ దగ్గర టోఫు కొని, తూకం చూడకుండా తీసుకుపోయాడు. అంతకంటే ఏమీ జరగలేదు, ఎవరూ వచ్చి దణ్ణాలు పెట్టలేదు. పుస్తకాలతో లోకం మారిపోతుందని నువ్వేమైనా అనుకుంటున్నావేమోనని చెప్తున్నాను.

నీ ఎలుగుబంటిని చూశాను. బలంగా, మంచి వయసులో ఉంది. పిల్లలు ముందు ఆ పేజీయే తీస్తున్నారు. ఎలుగుబంటి అప్పుడేం చేసిందని అడుగుతున్నారు. నన్ను చూసి పారిపోయిందని చెప్తున్నాను. ఏం చెయ్యను.

అసలు విషయం. మంచు కరగ్గానే మీ షెన్యాంగ్ నుంచే ఇద్దరు కుర్రవాళ్లు నీ పుస్తకం పట్టుకుని దిగారు. గుడిసె చూడాలట. అది కూలిపోయి ఎన్నేళ్లయిందో. ఆ మాట చెప్పి పంపేస్తే సరిపోయేది. సూమెయ్ మాత్రం టోఫు గంపలు బోర్లించి, వాళ్లని వెంటపెట్టుకుని పైకి పోయింది. పాత దూలాలే ఏరి, నాలుగు మానుల మధ్య చిన్న పాక వేసి వచ్చారు. కొత్త కుండ పెట్టారు. నేను మోకాళ్ల నొప్పితో పోలేకపోయాను. దిగొచ్చాక సూమెయ్‌ని ఒక్కటే అడిగాను. "ఆఁ, బోర్లించాను" అంది.

కొర్రలు మా ఇంట్లోవే పంపాను. ఉప్పు హౌ ఇచ్చాడు, లేకపోతే ఊరుకుంటానా. ఇంకో పది పుస్తకాలు పంపుతానన్నావు. వద్దు. అగ్గిపెట్టెలు పంపు. మైనం కాగితంలో గట్టిగా చుట్టు, పైన వానలు మొదలవుతున్నాయి.

నీ
మేనత్త ఫెంగ్‌షియెన్